గోడ చూపించడం

సంచి నేనే సర్దాను. సంహిత తనే సర్దుకుంటానంది గానీ, ఎవరు ఎక్కడికి బయల్దేరినా సంచి నా చేతుల మీదుగా వెళ్ళకపోతే నాకు స్థిమితం ఉండదు. నాలుగు చుడీదార్లు, అన్నీ పొడుగు చేతులవే. రెండు నూలు చీరలు. తువ్వాలు. ఫోన్ చార్జరు. కొత్త మాగాయ సీసా. దాని మూత మీద ప్లాస్టిక్ కాగితం వేసి రబ్బరు బ్యాండ్ చుట్టాను. ఊడుతుందేమోనని విప్పి మళ్ళీ చుట్టాను. మంచినీళ్ళ సీసా పక్క జేబులో పెట్టాను. అన్నీ ఒకసారి లెక్కపెట్టి జిప్పు వేశాక, మళ్ళీ తీసి, దువ్వెన మాత్రం బయటికి తీసి బొడ్లో దోపుకున్నాను.

ఇది నా అలవాటు. వెళ్ళేవాళ్ళ సంచిలోంచి ఒక వస్తువు తీసి ఉంచేసుకుంటాను. దానికోసమైనా వెనక్కి వస్తారని. మా ఆయన రామచంద్రమూర్తిగారు ట్రెయినింగులకి వెళ్ళినప్పుడల్లా కళ్ళజోడు పెట్టె లేకుండానే వెళ్ళేవారు. ఆయనకి సంగతి తెలుసు. ఒక్కసారీ అడగలేదు.

అది 2023 మే నెలాఖరు. రోహిణి కార్తె వచ్చేసింది. బయట కారు ఆగిన చప్పుడైంది. సంహితని తీసుకెళ్ళడానికి దాని భర్త, మామగారు తాడేపల్లిగూడెం నుంచి వచ్చారు. నా చేతులు సంచి మీదే ఉండిపోయాయి.

సంహిత నా మనవరాలు, మా అబ్బాయి శ్రీరామచంద్ర కూతురు. పెళ్ళై రెండేళ్ళైంది. గూడెంలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతుంది. భర్త వంశీకృష్ణకి బ్యాంకులో ఉద్యోగం. ఏప్రిల్ ఆఖర్లో, సెలవులిచ్చిన మర్నాడే బస్సు దిగింది. పది రోజులుంటానంది. పది రోజులూ అయ్యాయి. "ఇంకో నాలుగు రోజులు ఉంటా మామ్మా" అంది. ఆ నాలుగూ కూడా అయ్యాయి.

ఆ మే నెలలోనే పెర్సిస్ అనే అమ్మాయి మా ఊరొచ్చింది.

మా ఊరు కొల్లేటి ఒడ్డున ఉంటుంది. వేణుగోపాలస్వామి గుడి ముందు మండపంలో, లోపలి గోడ నిండా యమపురి బొమ్మలు. చేసిన పాపం, దానికి పడే శిక్ష. పై మూడు వరసల్లో పదకొండేసి. కింది వరసలో దీపపు గూడు అడ్డొచ్చి తొమ్మిదే. మొత్తం నలభై రెండు. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. మా తాతగారి తాతగారు ఉండగా వేశారని మాత్రం మా నాన్న చెప్పేవారు. నాన్న ఆ గుడి అర్చకులు. ఒక్కో బొమ్మ కిందా ఒక్కో వాక్యం ఉంటుంది. అది గొలుసుకట్టు రాత, కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి రాసినది. ఇప్పుడు ఊళ్ళో అది చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే.

నన్ను బడికి పంపలేదు. బడి కాలవ అవతల ఉండేది. ఆడపిల్లని రోజూ బల్లకట్టు ఎక్కించడం ఎందుకన్నారు. నాన్న లోపల అర్చన చేస్తుంటే నేను మండపంలో కూర్చునేదాన్ని. ఏ బొమ్మ కింద ఏముందో ఆయన ఎవరికో చెబుతుంటే విని గుర్తుపెట్టుకుని, ఆ మాటల్లోంచి అక్షరాలు విడదీసుకునేదాన్ని. నాకొచ్చిన మొదటి 'న' నాలుకలోది. మొదటి 'క' కోయుటలోది. ఆ తరవాత పొట్లాల కాగితాలు, పంచాంగాలు, మా ఆయన లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు, దొరికినవన్నీ చదివాను. కానీ అక్షరాలు మాత్రం ఆ గోడే ఇచ్చింది. నన్ను మేనబావకి, అదే ఊళ్ళో ఇవ్వడం వల్ల డెబ్భైనాలుగేళ్ళూ ఆ గోడ కనుచూపు మేరలోనే ఉన్నాను.

గుడి కమిటీ ప్రెసిడెంటు వెంకట్రాజుగారు ఆ ఏడాది మండపం అంతా గ్రానైటు వేయించాలని తీర్మానం చేయించారు. "భయంకరంగా ఉన్నాయండీ ఆ బొమ్మలు. చిన్నపిల్లలు జడుసుకుంటున్నారు. పైగా మసి" అన్నారు. పని జూన్‌లో మొదలు. ఈలోగా ఆ గోడని ఫోటోలు తీసి, వివరాలు రాసుకోవడానికి పెర్సిస్ వచ్చింది. ఏలూరులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పాత బొమ్మల్లో హింసని ఎలా చూపించారన్నది ఆమె చదువుతున్న విషయమట.

"నేను క్రిస్టియన్నండీ. మండపంలోకి రావచ్చా?" అని గుమ్మంలోనే అడిగింది.

"గర్భగుడిలోకి కాదు కదండీ. ఇక్కడ మా గేదెలు కూడా పడుకుంటాయి" అన్నారు వెంకట్రాజుగారు. అని, అన్నది ఎలా వినిపించిందో తట్టి నాలిక్కరుచుకుని, కుర్చీ తెప్పించారు.

పెర్సిస్ నవ్వేసింది. "అయితే గేదెలకి అడ్డం లేకుండా కూర్చుంటానండీ" అంది.

రోజూ పొద్దున్నే ఏలూరు బస్సులో వచ్చేది. నిచ్చెనెక్కి, మెత్తటి కుంచెతో మసి దులిపి, దూదితో అద్ది, ఫోటో తీసేది. నేను కింద కుర్చీలో కూర్చుని రాత చదివి చెబితే నోట్‌బుక్కులో రాసుకునేది. సంహిత నాకు తోడుగా వచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చునేది.

"మొదటి వరస, రెండోది" అనేది పెర్సిస్.

"విప్రుని సొమ్ము హరించినవానికి సలసల కాగు నూనెలో వేచుట."

"నాలుగోది?"

"పెద్దలను ధిక్కరించినవానికి కొరత వేయుట."

అలా మూడో వరస దాకా వచ్చాం. మూడో వరసంతా ఆడవాళ్ళదే. మొగుడికి ఎదురు చెప్పినదానికి నాలుక కోయుట. మొగుడి కంటె ముందు భుజించినదానికి నిప్పులు మింగించుట. అత్తింటి గుట్టు పుట్టింట చెప్పినదానికి జడపట్టి ఈడ్చుట. పదకొండూ నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. చెప్పాను కూడా.

పెర్సిస్ నిచ్చెన మీంచే ఆ వరసంతా మళ్ళీ ఒకసారి చూసింది. తరవాత దిగి నా పక్కన నేలమీద కూర్చుంది.

"మామ్మగారూ, ఈ యమభటుల్ని చూడండి. ఒక్కొక్కడికీ ఒక్కో రకం మీసం. చెవులకి పోగులు, మెడలో గొలుసులు, దట్టీ మడతలు. కండలు చూడండి ఎంత ముచ్చటగా వేశాడో. ఇప్పుడు ఆడవాళ్ళ ముఖాలు చూడండి."

చూశాను.

"పదకొండుమందికీ ఒకటే ముఖం కదండీ. బొమ్మ వేసినవాడి శ్రద్ధంతా కొట్టేవాడి మీదే ఉంది. మా వాళ్ళ బొమ్మల్లోనూ ఇంతేనండి. దేశదేశాల చర్చి బొమ్మలు చూశాను. కొరడా పట్టుకున్న సైనికుడి చెయ్యి నరం నరం వేస్తారు. దెబ్బ తినేవాళ్ళేమో ఆకాశంలోకి చూస్తుంటారు, ఏమీ నొప్పి లేనట్టు."

డెబ్భై ఏళ్ళుగా చూస్తున్నాను ఆ గోడని. నాకు ఆ సంగతి కనబడలేదు. నేను అక్షరాలే చూసేదాన్ని.

అప్పుడు సంహిత స్తంభం దగ్గర్నుంచి లేచి వచ్చింది. జడపట్టి ఈడ్చే బొమ్మ ముందు నిలబడింది. యమభటుడు ఆ ఆడమనిషి జడ కొసని చేతికి రెండు చుట్లు చుట్టుకుని లాగుతుంటాడు.

"ఈ బొమ్మ వేసినాయనకి తెలీదండీ" అంది పెర్సిస్‌తో, బళ్ళో లెక్క దిద్దినంత మామూలుగా. "కొసన పట్టుకుంటే మనిషి తిరిగిపోవచ్చు. కొసన పట్టుకోరు. కుదురు దగ్గర పట్టుకుంటారు. అప్పుడు మెడ కదలదు."

పెర్సిస్ కలానికి మూత పెట్టేసింది.

మర్నాడు సంహిత తలకి నూనె రాశాను. వద్దంది, నేను వినలేదు. మెడ పైన, కుదురు దగ్గర, రూపాయి బిళ్ళంత మేర జుట్టు లేదు. నా వేలు అక్కడ ఆగింది. అది కదలకుండా కూర్చుంది. "ఎన్నాళ్ళైందే?" అన్నాను. "ఉగాదికి ముందు మామ్మా" అంది. "చేతులు చూపించు" అన్నాను. చూపించలేదు. "చూడకు. నీకు బెంగ ఎక్కువ" అంది.

ఆ మధ్యాహ్నం కోడలు శ్రీవిద్యతో చెప్పాను. ఆమె చారు దించుతోంది.

"అల్లుడుగారు అలాంటివారు కాదండీ అత్తయ్యగారూ. ఎంత నెమ్మది! మొన్న కూడా నాకు మోకాళ్ళ తైలం తెచ్చిచ్చారు."

"నెమ్మదిగానే ఉంటాడమ్మా. నీ జుట్టు కాదుగా."

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనన్నది ఎక్కువైందనిపించింది గానీ వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం మా అబ్బాయి ఏలూరు నుంచి వచ్చాడు. ఇరిగేషన్ ఆఫీసులో పని వాడికి. అరుగు మీద కూర్చుని అంతా విని, ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. అరగంట మాట్లాడాడు. వచ్చి, "తప్పైపోయిందన్నాడమ్మా. బ్యాంకులో టార్గెట్ల ఒత్తిడట. ఇంకెప్పుడూ జరగదని నా మీద ఒట్టేశాడు. వాళ్ళ నాన్నగారు కూడా మాట్లాడారు. ఈ నెలాఖరుకి వచ్చి తీసుకెళ్తారు" అన్నాడు.

"సంహితని అడిగావట్రా?"

"అడిగితే ఏమంటుందమ్మా? మనమే అడిగి మనమే గుమ్మంలో కూర్చోబెట్టుకున్నట్టవుతుంది. పెళ్ళై రెండేళ్ళేగా అయింది. సర్దుకుంటారు."

సంహిత తలుపు వెనకాలే ఉంది. "వెళ్తాలే నాన్నా" అంది. ఆ గొంతు నేను ఇదివరకు విన్నాను.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. అత్తవారింటి నుంచి వచ్చేసిన ఆడపిల్లని తిరిగి పంపేటప్పుడు మా ఊళ్ళో 'గోడ చూపించేవారు'. బయల్దేరే రోజు పొద్దున్న పసుపు కుంకుమ ఇచ్చి, మండపంలోకి తీసుకొచ్చి, మూడో వరస ముందు నిలబెట్టేవారు. ఎవరో ఒకరు రాత చదివేవారు. పిల్ల గోడకి దణ్ణం పెట్టి, బండో పడవో ఎక్కేది. ఎవరూ దాన్ని తప్పనుకునేవారు కాదు. దారిఖర్చులిచ్చినట్టే అది కూడా. నలభై యాభై ఏళ్ళ కిందటే ఆగిపోయింది. మాట మాత్రం మిగిలింది. అల్లరి చేసే ఆడపిల్లని తల్లులు ఇప్పటికీ "గోడ చూపించాలా ఏం?" అని కసురుతారు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళకి తెలియదు.

పెర్సిస్ నాలుగో వరసకి వచ్చింది. నాకు ఒకటే ధ్యాస. నలభై రెండు బొమ్మల్లో ముప్పై తొమ్మిది అయ్యాయి. దొంగతనం చేసినవాడికి శిక్ష ఉంది, ఆవుని కొట్టినవాడికి శిక్ష ఉంది, చెరువు నీళ్ళు పాడుచేసినవాడికి ఉంది. ఆలిని కొట్టినవాడికి ఎక్కడా లేదు. దీపపు గూడు పక్కన మసి దట్టంగా పట్టిన మూడు బొమ్మలు నేను చిన్నప్పుడు కూడా చూడలేదు. వాటిల్లో ఉంటుందనుకున్నాను. ఉండి తీరాలనుకున్నాను. అన్నీ రాసినవాడు అదొక్కటీ మరిచిపోతాడా?

"ఉండొచ్చు మామ్మగారూ" అంది పెర్సిస్. ఆ అమ్మాయికీ నా ధ్యాస అంటుకుంది. రెండు రోజుల్లో రెండు బొమ్మలు తేలాయి. ఒకటి అబద్ధపు సాక్ష్యం, ఒకటి పరాయి పొలం గట్టు జరిపినవాడు. మూడోది గూడుకి మరీ దగ్గర. మూడు రోజులు పట్టింది దానికి.

నిచ్చెన అక్కర్లేదు, నేల మీద కూర్చునే తుడిచింది. ముందు ఒక రోలు బయటపడింది. ఆ తరవాత రోట్లో పెట్టిన రెండు చేతులు, మగవాడివి. ఇద్దరు భటులు రోకళ్ళు ఎత్తి ఉన్నారు. ఇంకా తుడిస్తే పక్కన ఒక ఆడమనిషి కనబడింది. ఆమెని ఎవరూ కొట్టడం లేదు. చేతిలో చేట పట్టుకుని ఊరికే నిలబడి ఉంది. గోడ మొత్తం మీద శిక్ష పడని ఆడది ఆమె ఒక్కతే.

"మామ్మగారూ!" అంది పెర్సిస్.

నేను వంగి, కళ్ళజోడు సవరించుకుని చదివాను. మనసులోనే చదివాను. తరవాత పైకి చదివాను.

"తప్పుకొలత కొలచినవానికి హస్తములు దంచుట."

పెర్సిస్ కుంచె అంచుతో కింద ఇంకొంచెం దులిపింది. ఒరిగిన కుంచం ఒకటి కనబడింది. ఆమె ధాన్యం కొనుక్కోవడానికి వచ్చిన మనిషి, అంతే. కొలత తక్కువ వేసినందుకు చేతులు దంచుతారు. నేను అక్కడే నేలమీద కూలబడ్డాను. లేవడానికి పెర్సిస్ చెయ్యిచ్చింది. ఆ రోజు సంహిత రాలేదు. ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది.

మళ్ళీ సంచి దగ్గరికి వస్తాను.

వంశీకృష్ణ నాకు వంగి దణ్ణం పెట్టాడు. తెల్లగా, పొందిగ్గా ఉంటాడు. "ఒంట్లో ఎలా ఉందండీ మామ్మగారూ, మందులు వేసుకుంటున్నారా?" అన్నాడు. వాళ్ళ నాన్నగారు కామేశ్వరరావుగారు రిటైరైన హెడ్‌మాస్టరు. కాఫీలు తాగారు. జరిగినదాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎండ గురించి మాట్లాడారు, కొల్లేట్లో నీళ్ళు అడుగంటి చేపల చెరువుల వాసన వస్తోందని మాట్లాడారు. శ్రీవిద్య కూతురికి బొట్టుపెట్టి రవికల గుడ్డ ఇచ్చింది.

"ఎండెక్కకుండా బయల్దేరండి. దారిలో స్వామికి దణ్ణం పెట్టుకుని వెళ్ళండి" అన్నాడు మా అబ్బాయి.

గుడి నాలుగిళ్ళ అవతలే. సంచి కారు డిక్కీలో పెట్టారు. మేమందరం నడిచి వెళ్ళాం, కారు వెనకాల వచ్చింది. మండపంలో పెర్సిస్ సామాను సర్దుకుంటోంది. ఆమెకి అదే ఆఖరి రోజు. వెంకట్రాజుగారు గ్రానైటు మేస్త్రీతో కొలతలు తీయిస్తున్నారు. దర్శనం అయ్యి బయటికొచ్చాం.

"ఏవండీ రావుగారూ, మా గోడ చూశారా? ఇంక నాలుగు రోజులే దాని ఆయుష్షు" అన్నారు వెంకట్రాజుగారు. "పూర్వం కాపరానికెళ్ళే ఆడపిల్లలకి చూపించి పంపేవారండి ఇక్కడ. ఇదిగో, ఈ హైమావతమ్మగారే చదివేవారట చిన్నప్పుడు."

కామేశ్వరరావుగారికి సరదా పుట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని, హెడ్‌మాస్టరు తనిఖీకి వచ్చినట్టు గోడ పొడుగునా నడిచారు. "పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదండీ ఇలాంటివి. చదవండి పిన్నిగారూ, మా కోడలు కూడా వింటుంది. ఈ కాలం పిల్లలకి ఎవరు చెబుతున్నారు?"

"చదువు మామ్మా" అంది సంహిత. దాని ముఖంలో ఏమీ లేదు. ఆ గోడ మీది పదకొండుమంది ముఖం.

మూడో వరస ముందుకి వెళ్ళాను. "మొగుడికి ఎదురు చెప్పినదానికి నాలుక కోయుట" అని చదివాను. కామేశ్వరరావుగారు తల పంకించారు. వంశీకృష్ణ ఫోన్ చూసుకుంటూ చిన్నగా నవ్వాడు. "అత్తింటి గుట్టు పుట్టింట చెప్పినదానికి జడపట్టి ఈడ్చుట." మా అబ్బాయి నేలకేసి చూస్తున్నాడు.

"కింద ఇంకోటుంది. కొత్తగా బయటపడింది" అన్నాను.

గూడు దగ్గరికి వెళ్ళి, స్తంభం పట్టుకుని వంగాను. నాకు మోకాళ్ళు సహకరించవు, కానీ వంగాను. వేలు పెట్టి అక్షరం అక్షరం చూపిస్తూ, నెమ్మదిగా, అందరికీ వినబడేలా చదివాను.

"ఆలిని కొట్టినవానికి హస్తములు దంచుట."

గుళ్ళో ఎవరో గంట కొట్టారు.

వెంకట్రాజుగారు ముందుకొచ్చి వంగి చూశారు. "మరి ఆ కుంచం ఎందుకండీ అక్కడ?"

"వంటకి బియ్యం కొలుచుకుంటుంటే కొట్టాడు గావును" అన్నాను. "అన్నం వేళకే కదండీ వాళ్ళకి కోపం వచ్చేది."

పెర్సిస్ చేతిలోని ట్రైపాడ్ మడతపెడుతూ ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేదు.

వంశీకృష్ణ రోట్లో ఉన్న చేతుల్ని చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పెట్టిన చెయ్యి జేబులోంచి తీయలేదు.

"మామ్మా, ఇంకోసారి చదువు" అంది సంహిత.

మళ్ళీ చదివాను.

"గోడల మీద రాతలు పట్టుకుని కాపరాలు చేస్తామటండీ ఎవరైనా?" అన్నారు కామేశ్వరరావుగారు నవ్వుతూ. నవ్వు సగంలో ఆగింది.

"ఇన్నాళ్ళూ చేయించింది అవే కదండీ బాబూ" అన్నాను.

సంహిత మండపం దిగి కారు దగ్గరికి వెళ్ళింది. ఎక్కుతోందనుకున్నాం. మా అబ్బాయి వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. అది ఆ తలుపు దాటి వెళ్ళి, డిక్కీ తెరిచి, సంచి దించుకుంది. భుజానికి తగిలించుకుని తండ్రి ఎదురుగా నిలబడింది. వాడు కూతురి వైపు చూశాడు, పొడుగు చేతుల వైపు చూశాడు. ఆ నెల రోజుల్లో వాడు ఆ చేతుల్ని చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. పట్టుకున్న తలుపు మూసేశాడు.

అంతే జరిగింది. అరుపులు, పెద్దమనుషులు, లాయర్లు అన్నీ ఆ తరవాత వచ్చాయి. అవి ఇక్కడ చెప్పను. ఇంటికొచ్చాక బొడ్లోంచి దువ్వెన తీసి దాని చేతికిచ్చాను. "నీ దగ్గరుందా! పొద్దుట్నుంచీ వెతుకుతున్నా" అంది. ఆ నెల మొత్తం మీద అప్పుడే ఏడ్చింది.

సాయంత్రం బస్సుకి ముందు పెర్సిస్ వచ్చింది. అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"మామ్మగారూ, అక్కడ అలా లేదు కదండీ."

"లేదమ్మా."

"నేను పుస్తకంలో ఉన్నదున్నట్టే రాయాలండి."

"ఉన్నదే రాయి. అక్కడ ఉన్నదీ రాయి, లేనిదీ రాయి. లేదన్న సంగతి కూడా ఎవరో ఒకరు రాయాలి కదా."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "నేనైతే చదవగలిగేదాన్ని కాదండీ అలా" అంది. మెచ్చుకుందో, తప్పుపట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె గొడుగు మా ఇంట్లోనే ఉంది. నేనే దాచాను.

జూన్‌లో గోడ మీద గ్రానైటు వేశారు. నున్నగా, నల్లగా ఉంది. నిలబడితే మన ముఖం మనకే కనబడుతుంది. సంహిత ఇప్పుడు ఏలూరులో ఉద్యోగం చేసుకుంటూ, ఇద్దరు టీచర్లతో కలిసి గది తీసుకుని ఉంటోంది. ఆదివారాలు వస్తుంది. పొట్టి చేతుల జాకెట్లు వేసుకుంటోంది. తనతో పనిచేసే అమ్మాయి ఎవరైనా మొగుడి సంగతి చెప్పుకుని ఏడిస్తే, "మా ఊరి గోడ మీద ఆనాడే రాశారండీ, చేతులు దంచాలని" అని చెబుతుందట. నాకు చెప్పి మురిసిపోయింది. నేను పచ్చడి కలుపుతూ తల దించుకున్నాను.

పెర్సిస్ పుస్తకం అచ్చులో ఉందని ఫోన్ చేసింది. నలభై రెండు బొమ్మలూ వేస్తున్నారట, కింద రాతతో సహా. అది చేతికొచ్చేలోగా సంహితకి నేనే చెప్పాలని ఇదంతా రాస్తున్నాను. అమ్మా సంహితా, ఆ గోడ మీద నీకోసం ఎవరూ ఏమీ రాయలేదు. నేనే చదివాను. ఎందుకు చదివానో కూడా చెప్పాలి. అదే నాకు కష్టంగా ఉంది. నాలుగు రోజులుగా ఈ కాగితం తీస్తున్నాను, పెడుతున్నాను.

నాకొక అక్క ఉండేది. పేరు మాణిక్యాంబ. నాకంటె అయిదేళ్ళు పెద్ద. కొల్లేటికోటలో ఇచ్చారు. పెళ్ళైన ఏడాదికి, వీపు మీద వాతలతో, ఎవరి దోనెలోనో కొల్లేరు దాటి ఇంటికొచ్చేసింది. మూడు వారాలు ఉంది. రాత్రుళ్ళు నన్ను పక్కన పడుకోబెట్టుకుని, నేను చదివే అక్షరాలు తనకీ నేర్పమనేది. బయల్దేరే రోజు నాన్న తనని మండపంలోకి తీసుకొచ్చారు. ఆయనకి అప్పటికే చూపు మందగించింది. "నువ్వు చదువమ్మా హైమా" అన్నారు. నాకు పన్నెండేళ్ళు. పదిమంది ముందు చదవమనడం నాకదే మొదటిసారి. మూడో వరస, పదకొండు బొమ్మలూ, గొంతెత్తి చదివాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. నాన్న నా తల నిమిరి "భేష్" అన్నారు. అక్క గోడకి దణ్ణం పెట్టి "వెళ్తాలే నాన్నా" అంది. తన సంచి సర్దింది అమ్మ. నేను అందులోంచి ఏమీ తీసి దాచలేదు. అప్పటికి నాకా అలవాటు లేదు.

మా అక్క 1961 మే అయిదో తారీకు పొద్దున్న కొల్లేటికోట దోనె ఎక్కింది. తిరిగి రాలేదు.